సురక్ష క్లినిక్‌లో తొమ్మిది నెలలు: ఒక ప్రభుత్వ సేవపై సమీక్ష

మా జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ, సుఖవ్యాధుల విభాగానికి అనుబంధంగా నడిచే సురక్ష క్లినిక్‌కు గత ఏడాది మే నెల నుంచి ఈ ఏడాది ఫిబ్రవరి వరకు మా పినతండ్రి కుమారుడికి, అతని భార్యకు తోడుగా చాలాసార్లు వెళ్ళాను. హోటళ్ళ గురించి, సెల్‌ఫోన్ల గురించి, చివరికి పళ్ళ డాక్టర్ల గురించి కూడా మన భాషలో సమీక్షలు దొరుకుతున్నాయి. ఇలాంటి క్లినిక్‌లో అడుగుపెడితే ఏం అడుగుతారు, ఏ పరీక్షలు చేస్తారు, ఏ మందులు ఇస్తారు, మన విషయం బయటకు పొక్కుతుందా అన్నది చెప్పే రాత మాత్రం అవసరమైన రోజున నాకు ఒక్కటీ కనబడలేదు. అందుకే వారిద్దరి అనుమతి తీసుకుని, పేర్లూ ఊరూ బయటపెట్టకుండా ఈ సమీక్ష రాస్తున్నాను.

సురక్ష క్లినిక్ అన్నది ఒక్క ఆసుపత్రి పేరు కాదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, వాడుకలో న్యాకో, దేశమంతటా వైద్య కళాశాలల్లోనూ జిల్లా స్థాయి ఆసుపత్రుల్లోనూ సుఖవ్యాధుల చికిత్స కోసం ఏర్పాటు చేసిన కేంద్రాలన్నిటికీ పెట్టిన పేరు అది. పరీక్ష, మందు, సలహా అన్నీ ఉచితం. మీకు దగ్గరలో ఏది ఉందో తెలుసుకోవాలంటే 1097 నంబరుకు ఫోన్ చేస్తే చాలు. ఆ కాల్‌కు డబ్బు పడదు, పేరు చెప్పనవసరం లేదు. నేను చేసినప్పుడు అవతలి వ్యక్తి తెలుగులోనే, తొందర పెట్టకుండా మాట్లాడారు.

మేము అక్కడికి చేరేసరికే ఆలస్యమైంది. ఎందుకు ఆలస్యమైందో చెబితే తప్ప ఆ క్లినిక్ విలువ తెలియదు. మా తమ్ముడు చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద లారీ నడుపుతాడు. గత ఏడాది మార్చిలో అతనికి మర్మావయవం మీద ఒక పుండు లేచింది. నొప్పి లేదు, దురద లేదు, తాకితే అడుగు గట్టిగా ఉంది. గజ్జల్లో బిళ్ళ కట్టింది, అదీ నొప్పి పెట్టలేదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఒక పూతమందు, అయిదు రోజుల మాత్రలు ఇచ్చాడు. మూడు వారాలు తిరిగేసరికి పుండు మానిపోయింది. మానింది కాబట్టి మందు పనిచేసిందనుకున్నాడు. అతని స్థానంలో ఎవరున్నా అలాగే అనుకుంటారు. కానీ సిఫిలిస్ స్వభావమే అది. మన పెద్దవాళ్ళు సవాయి రోగం అని పిలిచిన ఈ జబ్బులో మొదటి పుండు మందు వేసినా వేయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో దానంతట అదే మానుతుంది, క్రిమి మాత్రం నెత్తురులో ఉండిపోతుంది.

మే నెలలో అరచేతుల మీద, అరికాళ్ళ మీద రాగిరంగు మచ్చలు వచ్చాయి, జుట్టు అక్కడక్కడా రాలింది, సన్నని జ్వరం తగిలింది. డీజిల్ పడక అలా అయిందని అనుకున్నాడు. అప్పుడు బస్టాండు గోడ మీద కాగితం చూసి, లాడ్జి గదిలో కూర్చుని రహస్య రోగాలకు గ్యారంటీ వైద్యం చేస్తానన్న ఒకరి దగ్గరికి వెళ్ళి ఆరువేల అయిదువందలు ఇచ్చాడు. ఆయన నెత్తురు పరీక్ష చేయించలేదు, భార్య సంగతి అడగలేదు, భస్మం పొట్లాలు కట్టి ఇచ్చాడు. ఆ డబ్బు పోయిందన్న బాధ కంటే, అక్కడ గడిచిన పద్దెనిమిది రోజుల్లో భార్యకు జరగగలిగిన నష్టం గురించి తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో కలత పుడుతుంది. ఆమె అప్పటికి అయిదో నెల గర్భిణి.

ఇక క్లినిక్ విషయానికి వస్తే, మొదటి అరగంట చాలా చెడ్డగా గడిచింది. ఓపీ చీటీ రాసే కిటికీ దగ్గర ఉన్న ఉద్యోగి ఏం జబ్బని అడిగి, మా తమ్ముడు మెల్లగా చెప్పిన మాటను వెనకనున్న ముప్ఫై మందికీ వినబడేలా తిరిగి పలికాడు. తమ్ముడు చీటీ అక్కడే వదిలేసి గేటు వైపు నడిచాడు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకురాకపోతే ఈ సమీక్ష ఉండేది కాదు. కిటికీ దగ్గర "చర్మం డాక్టరుగారికి చూపించుకోవాలి" అంటే సరిపోతుందని తర్వాత తెలిసింది. చర్మ, సుఖవ్యాధుల ఓపీ ఒకటే కాబట్టి మిగిలింది లోపల చెప్పుకోవచ్చు. ఈ ముక్క కిటికీ పక్కన నాలుగు అక్షరాల్లో రాసి పెట్టినా ఎంతోమంది వెనుదిరిగి పోకుండా ఉంటారు. క్లినిక్ ముందున్న బల్లకూ ఇదే లోపం ఉంది. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకే బల్ల, నెత్తిన పెద్ద బోర్డు, ఎదురుగా ఎక్స్‌రే గదికి పోయే దారి. ఆ దారిన తెలిసినవాళ్ళు పోతారేమోనన్న భయంతో తల వంచుకుని కూర్చున్నవారిని నేను అక్కడ ప్రతిసారీ చూశాను.

లోపల కౌన్సెలర్ గదిలో అడుగుపెట్టాక అంతా మారిపోయింది. నా దృష్టిలో ఈ సేవకు ప్రాణం ఆ గదే. నలభై ఏళ్ళు దాటిన ఒక మహిళ, ముందుగా నన్ను బయట కూర్చోమన్నారు. "అన్నయ్య ఉంటే పర్వాలేదు మేడమ్" అని తమ్ముడు అన్నా, "ముందు మీరొక్కరే మాట్లాడండి బాబూ, తర్వాత మీకు ఇష్టమైతే ఆయన్ని పిలుద్దాం" అన్నారట. ఎంతమందితో సంబంధం ఉంది, ఆడవారితోనా మగవారితోనా, తొడుగు వాడారా, చివరిసారి ఎప్పుడు, ఇంట్లో భార్యకు ఏమైనా లక్షణాలున్నాయా అన్న ప్రశ్నలను ఆమె రేషన్ కార్డు వివరాలు అడిగినంత మామూలుగా అడిగారని తమ్ముడు చెప్పాడు. తప్పు చేశావన్న మాట ఆమె నోట రాలేదు. హెచ్ఐవీ పరీక్షకు ముందు అది దేనికో వివరించి, ఒప్పుకుంటేనే చేస్తామని చెప్పి సమ్మతి తీసుకున్నారు. ఇది ఆమె మంచితనం మాత్రమే కాదు, 2017లో చేసిన హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం సమ్మతి లేకుండా ఆ పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని గోప్యంగా ఉంచాలి. ఒక్క లోపం చెప్పాలి. ఆ గదికి తలుపు లేదు, తెర ఉంది. ఆమె గొంతు తగ్గించి మాట్లాడటం వల్లనే గోప్యత నిలబడింది తప్ప గది కట్టిన తీరు వల్ల కాదు.

వైద్యురాలు దీపం వెలుతురులో పుండు మచ్చను, గజ్జలను, అరచేతులను, నోటి లోపలి భాగాన్ని చూశారు. ఆమె వెనక గోడ మీద ఏడు రంగుల మందుల పెట్టెల పట్టిక ఉంది. నిరీక్షణలో దాన్ని నేను మళ్ళీ మళ్ళీ చదివాను. ఫలానా క్రిమి అని ప్రయోగశాలలో తేలేదాకా ఆగకుండా, కనిపించే లక్షణాల గుంపును బట్టి ఆ లక్షణాలకు సాధారణంగా కారణమయ్యే క్రిములన్నిటికీ ఒకేసారి మందు ఇచ్చే పద్ధతి ఇది. మగవారికి మూత్రనాళం నుంచి చీము కారితే, స్త్రీకి గర్భాశయ ముఖద్వారం వాచి చీము కనబడితే బూడిదరంగు పెట్టె. అందులో అజిత్రోమైసిన్ ఒక గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు ఉంటాయి. సెగవ్యాధి అనే గనేరియా, క్లమిడియా ఒకే మనిషిలో కలిసి ఉండటం తరచుగా జరుగుతుంది కాబట్టి రెండిటికీ ఒక్కసారే మందు వేస్తారు. దుర్వాసన, దురదతో తెల్లబట్ట అవుతుంటే ఆకుపచ్చది. పొక్కులు కాని పుండుకు తెల్లది, పెన్సిలిన్ పడనివారికి అదే పుండుకు నీలం. గుంపులు గుంపులుగా మంటపెట్టే నీటిపొక్కులు, అంటే హెర్పిస్ అయితే ఎరుపు, అందులో ఎసైక్లోవిర్ మాత్రలు. స్త్రీలకు పొత్తికడుపు నొప్పికి పసుపు, గజ్జల్లో గడ్డకు నలుపు. రంగును బట్టి పెట్టె తీసి ఇవ్వడం వల్ల పొరపాటు తగ్గుతుంది, రోగి మళ్ళీ రాకపోయినా మొదటి రోజే మందు కడుపులో పడుతుంది.

ఈ పద్ధతికి ఉన్న పరిమితినీ వైద్యురాలు దాచలేదు. లక్షణాలు ఉన్నవారికే ఇది పనికొస్తుంది. క్లమిడియా సోకిన స్త్రీలలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. గనేరియా కూడా స్త్రీలలో తరచుగా చప్పుడు చేయకుండా ఉండి, గర్భనాళాల దాకా పాకి, పిల్లలు పుట్టకుండా చేసేదాకా తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో 15 నుంచి 49 ఏళ్ళ వారిలో క్లమిడియా, గనేరియా, సిఫిలిస్, ట్రైకోమోనియాసిస్ అనే నాలుగు జబ్బులే 37.4 కోట్ల కొత్త కేసులు. ఈ నాలుగూ మందుతో పూర్తిగా నయమయ్యేవే. లక్షణాలు లేనివారిని పట్టుకోవాలంటే క్రిమి జన్యుపదార్థాన్ని గుర్తించే పరీక్షలు కావాలి. మేము వెళ్ళిన క్లినిక్‌లో అవి లేవు. హెర్పిస్ విషయంలో కూడా ఆమె స్పష్టంగా చెప్పారు, మాత్రలు పొక్కులను త్వరగా ఆర్పుతాయి కానీ వైరస్‌ను ఒంట్లోంచి తీసేయలేవు. లాడ్జి గదిలో వినిపించిన "గ్యారంటీ" అన్న మాట ఇక్కడ ఒక్కసారి కూడా వినబడలేదు, ఆ కారణంగానే నాకు నమ్మకం కలిగింది.

మా తమ్ముడికి పట్టికతో పని లేకపోయింది. అరచేతుల మచ్చలు చూడగానే వైద్యురాలు రెండో దశ సిఫిలిస్ కావచ్చని అన్నారు. నెత్తురు తీసి సిఫిలిస్‌కు చేసే ఆర్‌పీఆర్ పరీక్ష చేస్తే 1:64 దగ్గర కూడా పాజిటివ్ వచ్చింది, నిర్ధారణ కోసం చేసిన టీపీహెచ్ఏ కూడా పాజిటివ్. ఆర్‌పీఆర్ అంకె నెత్తురును ఎన్ని రెట్లు పలచన చేసినా పరీక్ష పలుకుతోందో చెబుతుంది, చికిత్స తర్వాత అది తగ్గుతూ రావాలి. హెచ్ఐవీ నెగెటివ్ వచ్చింది, అయినా సోకిన కొత్తలో పరీక్షకు అందకపోవచ్చు కాబట్టి మూడు నెలలకు మళ్ళీ చేయించమన్నారు.

మందు పాతది. 1943లో జాన్ మహోనీ అనే అమెరికన్ వైద్యుడు సిఫిలిస్ రోగులకు తొలిసారి పెన్సిలిన్ ఇచ్చినప్పటి నుంచి నేటి వరకు దాన్ని మించిన మందు ఈ జబ్బుకు రాలేదు. బెంజథిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, పిరుదు కండకు ఒక్క మోతాదు. ఆ రోజు అది ఆసుపత్రి మందుల గదిలో లేదు. లాభం తక్కువగా ఉండి, తయారుచేసే కంపెనీలు కొద్దిగానే ఉండటం వల్ల ఈ ఇంజెక్షన్‌కు అనేక దేశాల్లో కొరత వస్తూ ఉంటుందని తర్వాత తెలుసుకున్నాను. కారణం ఏదైనా, సుఖవ్యాధుల క్లినిక్‌లో ఈ ఒక్క మందు లేకపోవడం బావిలో నీళ్ళు లేకపోవడం లాంటిది. బయట మూడు మందుల షాపులు తిరిగితే నాలుగో షాపులో దొరికింది. నర్సు ముందు చర్మం కింద కొద్దిగా ఎక్కించి, పడుతుందో లేదో చూసి, ఆ తర్వాతే పూర్తి మోతాదు ఇచ్చి అరగంట కూర్చోబెట్టారు. "ఇవాళ రాత్రి చలిజ్వరం రావొచ్చు, మచ్చలు ఎర్రబడొచ్చు, క్రిములు చచ్చేటప్పుడు అలా అవుతుంది, మందు పడలేదనుకుని కంగారు పడకండి" అని ముందే చెప్పారు. ఆ రాత్రి పది గంటలకు సరిగ్గా అలాగే జ్వరం వచ్చి మర్నాటికి తగ్గింది. ఆ ఒక్క మాట ముందుగా చెప్పకపోయి ఉంటే మేము అర్ధరాత్రి అంబులెన్సు పిలిచేవాళ్ళం.

అసలు కష్టం దాని తర్వాత వచ్చింది. భార్యను తీసుకురమ్మని కౌన్సెలర్ అన్నారు. తమ్ముడు కుదరదన్నాడు. ఆమెకు ఏ లక్షణమూ లేదు, రెండో నెలలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో చేసిన నెత్తురు పరీక్షలన్నీ బాగున్నాయి, ఇప్పుడు ఏమని చెప్పి తీసుకురావాలి అని అడిగాడు. కౌన్సెలర్ అతన్ని నాలుగు రోజుల్లో మూడుసార్లు పిలిపించి మాట్లాడారు. బెదిరించలేదు. గర్భిణికి సోకిన సిఫిలిస్ మాయ గుండా బిడ్డకు చేరుతుందని, మందు పడకపోతే గర్భస్రావం, కడుపులోనే బిడ్డ చనిపోవడం, పుట్టిన బిడ్డకు ఎముకలు, కాలేయం, కళ్ళు దెబ్బతినడం జరగవచ్చని, సకాలంలో ఇచ్చే ఇంజెక్షన్ వీటన్నిటినీ ఆపగలదని నిదానంగా వివరించారు. ఏం చెప్పాలో, ఏ వరుసలో చెప్పాలో అతని చేత పలికించి చూశారు. చివరికి నాలుగో రోజు రాత్రి తమ్ముడు ఇంట్లో నిజం చెప్పాడు. ఆ రాత్రి గురించి నేను రాయను.

మర్నాడు మరదలు వచ్చింది. నాతో "బావగారూ, బిడ్డకేం కాదు కదా" అని ఒక్క మాటే అంది. ఆమెను ఆ బల్ల మీద కూర్చోనివ్వకుండా కౌన్సెలరే బయటికి వచ్చి లోపలికి తీసుకెళ్ళారు. ఆర్‌పీఆర్ 1:8 వచ్చింది. మూడు నెలల క్రితం నెగెటివ్ ఉన్న కాగితం చేతిలో ఉంది కాబట్టి ఇది ఇటీవల సోకిందేనని తేల్చి ఒక మోతాదు పెన్సిలిన్ సరిపోతుందని వైద్యురాలు నిర్ణయించారు. ఎప్పుడు సోకిందో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు ఇవ్వాల్సి వచ్చేదట. కాబట్టి పాత రిపోర్టులు పారేయకండి. గర్భిణికి బిడ్డను కూడా కాపాడగలిగే మందు పెన్సిలిన్ ఒక్కటే, పెన్సిలిన్ పడని మిగతావారికి ఇచ్చే డాక్సీసైక్లిన్ గర్భంలో వాడరు. ఇంజెక్షన్ తర్వాత వచ్చే జ్వరంతో పాటు నొప్పులు మొదలయ్యే అవకాశం ఉంటుందని, కడుపు బిగిసినా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే ప్రసూతి విభాగానికి రమ్మని ఫోన్ నంబరు రాసి ఇచ్చారు. అలాంటిదేమీ జరగలేదు.

ఒక విషయం ఇక్కడ గట్టిగా చెప్పాలి. మరదలికి రెండో నెలలో జరిగిన పరీక్ష తప్పు కాదు, అప్పటికి ఆమెకు జబ్బు లేదు. కానీ ఆ నర్సింగ్ హోమ్‌లో, భర్త వృత్తిరీత్యా నెలలో ఇరవై రోజులు దూరంగా ఉంటాడని తెలిసి కూడా, తర్వాతి నెలల్లో మళ్ళీ పరీక్ష చేయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. భర్త సురక్ష క్లినిక్‌కు రాకపోయి ఉంటే ఆమె జబ్బు కాన్పు దాకా బయటపడేది కాదు. ఒక మనిషికి ఇంజెక్షన్ ఇచ్చి పంపడం ఏ డాక్టరైనా చేయగలడు. ఆ మనిషి ద్వారా, తనకు జబ్బుందని తెలియని రెండో మనిషిని రప్పించడం దగ్గరే ఇలాంటి సేవ గెలుస్తుంది లేదా ఓడుతుంది. మేము వెళ్ళిన క్లినిక్ అక్కడ గెలిచింది. నేను ఇచ్చే మార్కుల్లో ఎక్కువ భాగం దానికే.

అక్టోబరులో ఆడపిల్ల పుట్టింది, రెండు కిలోల ఎనిమిదివందల గ్రాములు. పిల్లల వైద్యుడు పాపను తల నుంచి కాలి దాకా చూసి, పాప నెత్తురు, తల్లి నెత్తురు పక్కపక్కన పెట్టి పరీక్ష చేయించారు. తల్లి ప్రతిరోధకాలు మాయ దాటి బిడ్డలోకి వస్తాయి కాబట్టి పాపకు పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బున్నట్టు కాదని, తల్లి అంకె కంటే నాలుగు రెట్లు ఉంటేనే అనుమానించాలని చెప్పారు. తల్లికి 1:2, పాపకూ 1:2. కాన్పుకు నెల రోజులకు చాలా ముందే తల్లికి మందు పడింది కాబట్టి భయం లేదన్నారు. అయితే ప్రసూతి వార్డుకూ సురక్ష క్లినిక్‌కూ మధ్య కాగితం తిరిగే పద్ధతి ఏదీ లేదు. మరదలి చికిత్స కార్డును నేను జేబులో పెట్టుకుని తీసుకెళ్ళబట్టి వార్డులో సంగతి తెలిసింది. తోడు ఎవరూ లేని స్త్రీ విషయంలో ఏం జరుగుతుందో ఊహించుకోండి.

అయిదు మార్కులకు విడివిడిగా వేయాలంటే కౌన్సెలింగ్‌కు అయిదు, వైద్యానికి నాలుగున్నర, మందుల అందుబాటుకు మూడు, గోప్యతకు రెండున్నర, ఓపీ కిటికీకి ఒకటి. మొత్తం మీద నాలుగు. వెళ్ళదలచినవారు ఉదయం తొమ్మిదిలోపు వెళ్ళండి, పన్నెండు దాటితే చీటీ ఇవ్వరు. పుండుకు, మచ్చలకు ముందే ఏ పూతమందూ రాసుకోకండి, రాస్తే డాక్టరుకు ఆనవాలు దొరకదు. అంతకుముందు వాడిన మాత్రల అట్టలు ఉంటే తీసుకెళ్ళండి. మందు వేసుకున్నాక డాక్టరు చెప్పేదాకా సంబంధానికి దూరంగా ఉండమంటారు, భార్యాభర్తల్లో ఒకరికి మందు పడి మరొకరికి పడకపోతే జబ్బు మళ్ళీ మొదటివారికి వస్తుంది. తొడుగులు అడిగితే కౌన్సెలర్ దగ్గరే ఉచితంగా ఇస్తారు. హెపటైటిస్ బి టీకా గురించి, ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా గురించి కూడా అక్కడే అడగవచ్చు.

చివరిసారి ఫిబ్రవరిలో వెళ్ళాం. తమ్ముడి ఆర్‌పీఆర్ 1:64 నుంచి 1:4కు దిగింది, రెండోసారి చేసిన హెచ్ఐవీ పరీక్షా నెగెటివ్. ఏడాది నిండాక మే నెలలో మరొకసారి రమ్మని కార్డు మీద తేదీ వేశారు. పాపను ఎత్తుకుని మరదలు కూడా లోపలికి వెళ్ళింది. కౌన్సెలర్ గదికి అప్పటికి కొత్తగా ఒక చెక్క తలుపు బిగించి ఉంది.